వంకకు పార్టీ రంగు పడ్డ నాడు

మొన్న ప్రొద్దుటూరులో ఒక కొత్త ఫ్యాక్టరీ ప్రారంభోత్సవానికి పోతే, చేతిలో ఒక వేపమొక్క, తళతళలాడే ఒక పుస్తకం పెట్టి పంపించారు. సామాజిక బాధ్యత గురించి నలభై పేజీలు. పేజీకొక మొక్క ఫొటో, మొక్క పక్కనొక యజమాని. బస్సులో తిరగేస్తుంటే నవ్వు రావలసింది పోయి, ముప్పై ఏళ్ల కిందట మా మామ షెడ్డు ముందు ఆగిన జీపుల చప్పుడు చెవుల్లో మోగింది.

ఆ ఫ్యాక్షన్ రోజులు చూసినవాళ్లకు విడమర్చి చెప్పనక్కరలేదు. పులివెందులలో ఒకరు తుమ్మితే జమ్మలమడుగులో ఇంకొకరు కత్తి నూరుకునే కాలం. నేనప్పుడు ప్రొద్దుటూరు పొలిమేరలో నూలుకూ గుడ్డకూ రంగులద్దే మా మామకు ఇల్లటం అల్లుణ్ణి, అంటే జీతం లేని మేనేజరును. రంగు దించిన నీళ్లన్నీ షెడ్డు వెనక పారే చిన్న వంకలోకి, అక్కణ్ణుంచి దిగువన మా అత్త పుట్టిన పల్లెకూ పోయేవి. ఆ నీళ్లు తాగి గొడ్లు పారుకుంటున్నాయని, కాళ్లు దురదపెడుతున్నాయని ఆ పల్లెవాళ్లు ఏళ్ల తరబడి వచ్చి మొరపెట్టుకుంటే, రంగునీళ్లు ఆపే గుంతలు తవ్వితే కొత్త అద్దకం తొట్లకు అనుకున్న జాగా పోతుందని మామ నా చెవిలో గొణిగి, వాళ్లకు టీ తాగించి సాగనంపేవాడు.

అంతలో ఎన్నికలొచ్చాయి. ఒక పార్టీవాళ్లు గండికోటకు మూడు చుట్లు చుట్టినా మిగిలేంత జెండాగుడ్డ తెచ్చి పడేశారు. దాని రంగేమిటో చెప్పను, బంధువులింకా ఆ పక్కనే ఉన్నారు, నేరేడుపండు రంగనుకోండి. మొదటి విడత అద్దకం అయ్యాక తొట్ల బిరడాలు ఈ చేతులతోనే లాగాను. తెల్లారేసరికి పల్లెలో వంకంతా నేరేడురంగు, బర్రెలు పొట్టదాకా నేరేడురంగు, కొంగలైతే ఏకంగా పార్టీ మారినట్టే ఉన్నాయట. ఆ పల్లె మొత్తం అవతలి పార్టీది.

మధ్యాహ్నానికి జీపులు దిగాయి. మూడే అంటుంది మా ఆవిడ. నా లెక్కకు పదమూడు. దిగినవాళ్ల చేతుల్లో వేటకొడవళ్లు. అత్తకు వరసకు అన్న అయ్యే పల్లె పెద్దాయన మంచం మీద కూర్చుని మామను నిలబెట్టాడు.

"ఏంది బావా, మా బర్రెలకు వాళ్ల కండువాలు కప్పుతాండావంట?"

మామ అలవాటు కొద్దీ టీ తెప్పించబోతే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"రేపట్నుంచి వంకలోకి మా రంగు ఇడువు. మా జెండాలూ నీకే ఇస్తా, వాళ్లిచ్చినదానికి రెండింతలు. లేదంటే సాయంత్రానికి ఈ షెడ్డుండదు."

షెడ్డూ దక్కుతుంది, ఆర్డరూ దక్కుతుంది. మామ తల అప్పుడే ఊగడం మొదలుపెట్టింది. గడపలోంచి అత్త గొంతు లేచింది.

"అన్నా, నీ రంగైతే మన ఆడోళ్ల కాళ్లు పుండ్లు పడవా? వాళ్లు ఎన్నితూర్లొచ్చి మొత్తుకున్నారో ఈ మనిషికి తెల్సు. జెండా కోసరం జీపులేసుకోనొచ్చినావే, ఆ పుండ్ల కోసరం ఎప్పుడన్నా వచ్చినావా?"

కొడవలి పట్టుకున్న ఒకాయన, పాపం దురద ఆపుకోలేక, ఒక కాలితో ఇంకో కాలు గోక్కున్నాడు. అంత పెద్ద చప్పుడు నేను జన్మలో వినలేదు.

మామ ఆ కాళ్లకేసి చూశాడు. "ఏ రంగూ ఇడ్సను బామ్మర్దీ," అన్నాడు. "గుంతలు తవ్వుతా, మూడు దినాలు టైమియ్యి. వాళ్ల గుడ్డా వద్దు, నీ గుడ్డా వద్దు."

కొత్త తొట్ల జాగాలో మొదటి గడ్డపార దెబ్బ నాదే. రంగునీళ్లు అక్కడే నిలిచి ఎండకు ఇగిరిపోయేట్టు గుంతలు తవ్వుతుంటే, మొదటి పార్టీవాళ్లు వచ్చి, మామను తిట్టి, మిగిలిన గుడ్డ బండికెత్తుకుని పోయారు. మూడో రోజు పెద్దాయన వచ్చి మమ్మల్నిద్దరినీ జీపెక్కించాడు. పావుగంట దారి నాకు పాతికేళ్లు పట్టింది. వంక తేటపడి ఉంది. ఆయన చెంబు ముంచి మామ చేతికిచ్చాడు.

"తాగు బావా."

మామ చెంబులోకి చూశాడు, గట్టుమీద నిలబడ్డ ఆడవాళ్లను చూశాడు, కళ్లు మూసుకుని తాగాడు. మిగిలిన నీళ్లు పెద్దాయన తాగాడు.

ఆ జీపులూ కొడవళ్లూ పోయాయి, పీడా విరగడైంది. ఇప్పుడు నీళ్లలో మురికి కొలవడానికి మిషన్లున్నాయి, ఫిర్యాదుకు ఆఫీసులున్నాయి. ఫ్యాక్టరీల నుంచి కాలువల్లోకి వచ్చిపడేదానికి ఏ పార్టీ రంగూ ఉండదు, ఒక్కోసారి అసలు రంగే ఉండదు. అది ఏ పల్లెకు పోతుందో యజమానికి తెలియదు. చెంబు ముంచి చేతికిద్దామన్నా, ఆ యజమాని ఎక్కడుంటాడో పల్లెకూ తెలియదు.