దూదితో ఇంజన్ ఊపిరి చూసిన మా మామగారు

మా మామగారు పోయిన సంగతి అత్తగారే నాకు ఫోన్‌లో చెప్పారు. "ముక్కు దగ్గర దూది పెట్టి చూశానమ్మాయ్, కదల్లేదు. తర్వాత డాక్టరొచ్చి అదే మాట చెప్పి పోయాడు. నువ్వు బయల్దేరు" అన్నారు. అప్పుడు నేను అద్దంకిలో పుట్టింట్లో ఉన్నాను. సంగతి చెబితే మా నాన్న కుర్చీలోంచి లేచి కండువా భుజాన వేసుకున్నాడు. "సత్తెనపల్లిలో ఇంక నాతో పోట్లాడే మనిషి లేడు" అన్నాడు.

డాక్టరు కన్నా ముందు దూదిని నమ్మడం మా ఇంట్లో వింతేమీ కాదు. అదెందుకో తెలియాలంటే మామగారి షెడ్డు గురించి చెప్పాలి.

సత్తెనపల్లిలో పత్తి లారీలు ఆగే రోడ్డు పక్కన ఆయనకో రేకుల షెడ్డు ఉండేది. అందరు మెకానిక్కుల్లాగే క్లచ్చులూ బ్రేకులూ చూసేవారు గానీ, ఆయన ప్రాణమంతా ఇంజన్ హెడ్డు మీదే. ఇంజన్ పైన మూతలా బిగించి ఉండే ఇనుప దిమ్మ అది. గాలీ పెట్రోలూ లోపలికి వెళ్లేదీ, పొగ బయటికి వచ్చేదీ దాని దారుల్లోంచే. పోత ఇనుము కదా, ఆ దారులు లోపల గరుకుగా ఉంటాయి. వాటిని సానరాయితో నున్నగా అరగదీసి, మలుపులు సవరించి, వాటిని తెరిచి మూసే వాల్వుల్ని పేస్టుతో రుద్ది సరిగ్గా కూర్చోబెడితే, అదే బండి అదే పెట్రోలుతో ఇంకో ఊపు ఊపుతుందని ఆయన నమ్మకం. "తిండి పెట్టడం ఎవడికైనా వచ్చు, ఊపిరి పొయ్యడం నాకొచ్చు" అనేవారు. వినయం ఆయన ఒంటికి పడేది కాదు. ముందు గొప్పలు చెప్పేవారు, చెప్పింది చేసేవారు, చేశాక ఆ గొప్పలే మళ్లీ చెప్పేవారు.

నేను పెళ్లై ఆ ఇంటికి వెళ్లిన కొత్తలోనే నా చేతికి టార్చిలైటు ఇచ్చారు. హెడ్డుని బల్ల మీద పెట్టి, కొలిమి ఊదే చేతిపంకాని దాని గాలి దారికి బిగించేవారు. అత్తగారు పంకా తిప్పాలి, నేను వెలుగు చూపించాలి. ఆయన దారం చివర చిటికెడు దూది కట్టి లోపలికి వదిలేవారు. దూది సాఫీగా సాగి నిలబడితే గాలి బాగా పారుతున్నట్టు. ఎక్కడైనా గిరగిరా తిరిగితే అక్కడ ఇంకా అరగదీయాలని అర్థం. హెడ్డు బిగించి బండి స్టార్ట్ చేశాక ఆఖరి పరీక్ష పొగగొట్టం దగ్గర. అక్కడ పొగ దూదిని ఒకే తీరుగా బయటికి తోస్తూ ఉండాలి. దూది వెనక్కి పోయిందా, ఏదో ఒక వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదన్నమాట.

ఆ దూది అత్తగారి వత్తుల డబ్బాలోది.

"దేవుడి దీపానికి దాచుకున్న దూదండీ అది" అనేవారావిడ, పంకా తిప్పుతూనే.

"దీపానికీ గాలి కావాలి, దీనికీ గాలి కావాలి. దేవుడేం అనుకోడు. నువ్వు తిప్పు."

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా నాన్న కొత్త చిన్న కారు కొన్నాడు. దాన్ని చూపించడానికే సత్తెనపల్లి వచ్చి, కాఫీ తాగుతూ మా పాత పెట్రోల్ అంబాసిడర్‌ని ఎగాదిగా చూశాడు. "బావగారూ, ఈ బండిలో మీరు అద్దంకి చేరేసరికి మా కళ్లంలో మిర్చి ఎండి, బస్తాలకెక్కి, యార్డులో అమ్ముడైపోద్దండీ" అన్నాడు.

మామగారు గ్లాసు కింద పెట్టారు. "ఈ ఎండాకాలంలోనే, మిట్టమధ్యాహ్నం, రెండిళ్లవాళ్లనీ ఎక్కించుకుని కోటప్పకొండ ఘాట్ రోడ్డు రెండో గేర్లో ఎక్కిస్తానండీ. ఒకటో గేరు పడిందా, షెడ్డుకి తాళం వేసేస్తా." మా ఇంట్లో అన్నం ఉడికేది ఆ షెడ్డు మీదే. అత్తగారి మొహం చూడలేకపోయాను.

హెడ్డు విప్పారు. దారులన్నీ నున్నగా చేశారు. అంతటితో ఆగుంటే బాగుండేది. ఇంకాస్త బలం రావాలని, లేతు షాపులో హెడ్డు అడుగుభాగం ఉండాల్సినదానికన్నా ఎక్కువ చెక్కించారు. మనుషులకి బదులు మిర్చి బస్తాలు వేసుకుని, నేనూ ఆయనా ట్రయలుకి వెళ్లాం. దారి పొడుగునా ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం. కొండ మీద మలుపు తిరుగుతుండగా ఇంజన్ తాలింపులో ఆవాల్లా చిటపటలాడటం మొదలుపెట్టింది. బండి ఈడ్చుకుపోయి ఒకటో గేరు వెయ్యాల్సొచ్చింది.

దిగొచ్చేటప్పుడు ఆయన తుమ్మనైనా లేదు. ఇంటికొచ్చాక, "చలికాలంలో అయితే ఎక్కేసేదమ్మాయ్. మన ఎండని నేను లెక్కలో వేసుకోలేదు. హెడ్డు అడుగున పెట్రోలు మండే గదులు మరీ ఇరుకైపోయి, ఆ వేడికి మంట ముందే అంటుకుంటోంది. చెక్కిన ఇనుము మళ్లీ అతికించలేం" అన్నారు.

"పోనీ మాట వెనక్కి తీసుకోండి. వియ్యంకుడే కదా" అన్నారు అత్తగారు.

"వియ్యంకుడు కాబట్టే తీసుకోను."

మర్నాడు హెడ్డు మళ్లీ బల్ల మీదికి వచ్చింది. వాల్వుల చుట్టూ ఇనుము కొద్దికొద్దిగా తీసి, మంట మండే నాలుగు గదుల్నీ లోపలినుంచి పెద్దవి చేశారు. ఇంజెక్షన్ సిరంజితో కిరసనాయిలు పోసి ఏ గదిలో ఎంత పడుతోందో చూసేవారు. నలుగురు పిల్లలకి పాలు పోసే తల్లిలాగా, ఒకదానికి చుక్క ఎక్కువైతే మిగతా మూడింటినీ దానికి సమానం చేసేవారు. దూది మాత్రం ఈసారి ఎక్కడా గిరగిరా తిరగలేదు. గదులు పెరిగేసరికి గాలికి దారి కూడా పెరిగిందని ఆయనకి అప్పుడే తెలిసింది. ఆ ముఖంలో వెలుగు చూడటానికి నా టార్చి అక్కర్లేకపోయింది.

పందెం రోజు అందరూ బండెక్కాక తాళంచెవి నా చేతిలో పెట్టారు. "నేను నడిపితే నా చేతి నేర్పు అంటాడు మీ నాన్న. ఆయన కూతురే నడిపితే ఇంజన్ గొప్పేనని ఒప్పుకోక చస్తాడా" అన్నారు నా చెవిలో. నాకు నడపడం నేర్పిందీ ఆయనే.

ముందు సీట్లో నాన్న గేరు రాడ్డు మీదనుంచి కళ్లు తీయలేదు. రోడ్డు సెగలు కక్కుతోంది. ట్రయల్లో బండి ఈడ్చుకుపోయిన ఆ మలుపు వచ్చేసరికి నా కాలు యాక్సిలరేటర్ మీంచి కాస్త లేచింది. వెనకనుంచి మామగారు, "తొక్కమ్మాయ్, భయపడకు" అన్నారు. తొక్కాను. ఇంజన్ గొంతు బరువెక్కింది గానీ చిటపటలాడలేదు. రెండో గేర్లోనే మలుపు తిరిగి, రెండో గేర్లోనే పైకి చేరాం.

నాన్న దిగి బానెట్ మీద చెయ్యి వేసి, కాలితే తీసేసి, "బావగారూ, నా బండి ఎప్పుడు విప్పుతారు?" అన్నాడు.

"అది పసిది. దాని ఊపిరికేం లోటు లేదు. ముసలిదయ్యాక తోలుకురండి" అన్నారు మామగారు.

ఆ తర్వాత ఆ కథని యార్డులోనూ టీకొట్ల దగ్గరా ఆయన చెప్పగా చెప్పగా రెండో గేరు కాస్తా మూడో గేరైంది. నేను సరిదిద్దబోతే, "నువ్వు స్టీరింగ్ చూసుకున్నావు, గేరు నేను చూశాను" అనేవారు. ఎన్ని కోతలు కోసినా, "నడిపింది మా కోడలు" అని చివర్లో చెప్పడం మాత్రం ఎప్పుడూ మర్చిపోలేదు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు పొంగేది. ఆయన కోడల్నని చెప్పుకోవడం నాకు ఇవాళ్టికీ గర్వమే.

పెద్దకర్మ అయిన మర్నాడు నాన్న అంబాసిడర్ దగ్గర నిలబడి, "ఒకసారి స్టార్ట్ చెయ్యమ్మా" అన్నాడు. బండి కాసేపు మారాం చేసి అందుకుంది. ఆ చప్పుడికి అత్తగారు వత్తుల డబ్బా పట్టుకుని బయటికి వచ్చారు. చిటికెడు దూది తుంచి, దారానికి కట్టి, కష్టంమీద వంగి పొగగొట్టం ముందు పట్టుకున్నారు. నేనూ దిగి వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను. దూది ఒక్కసారి కూడా వెనక్కి పోకుండా, ఒకే తీరుగా ఊగుతూ నిలబడింది.

"ఊపిరి బాగుంది" అన్నారు అత్తగారు.

బండి ఆపమని ఆవిడ అనలేదు. నేనూ లేవలేదు.