దొరసానమ్మ ఏ సేలంలో ఉంది?

గల్ఫ్‌లో, బనియాస్‌లో మా నర్సుల క్వార్టర్స్ కింద కిరాణా కొట్టు ముందు మామిడిపళ్ల అట్టపెట్టె తెరిచారు. పెట్టె మీద ‘సేలం’ అని ఉంది. అది తమిళనాడు సేలమని తెలుసు. అయినా ఎండుగడ్డీ మామిడి సొనా కలిసిన ఆ వాసన నన్ను కదలనివ్వలేదు.

“ఏందక్కా, పెట్టెతోటి ముచ్చట పెట్టినవ్? యల్లా, జల్ది నడువు, బస్సు పోతది!” అంది నాతో డ్యూటీకి వచ్చే కరీంనగర్ నర్సు.

బస్సెక్కాను గానీ మనసు కుదురుగా లేదు.

మా గోదావరి లంకలో వేసవంటే వాకిట చాపల మీద ఎండే మామిడి తాండ్ర, దాని మీద వాలే ఈగల్ని తాటాకుతో తోలే అమ్మమ్మ, అరుగు మీద గవ్వలాడుతూ అంచులు గిల్లుకుతినే మేము. అమ్మ నన్ను కన్నప్పుడు ప్రాణం మీదికొస్తే మిషన్ ఆసుపత్రి దొరసానమ్మే బతికించిందట. ఆమె అమెరికాలో సేలమనే సొంతూరికి వెళ్లిపోయాక కూడా అమ్మమ్మ కంచం ముందు ఆమెనే తలిచేది. ఒక వేసవిలో, అమెరికా సేలంలో గాలివానకు ఇళ్లు కూలాయని రేడియోలో విన్నాం. దొరసానమ్మ క్షేమమని తెలిసేదాకా గంజి ముట్టనని అమ్మమ్మ ఉపవాస ప్రార్థన పట్టింది.

గ్రంథాలయంలో బీరువాకి బీరువా చదివేస్తానని నాకు గర్వం. పరుగున వెళ్లి, బతిమాలి, చెదలు కొట్టిన భూగోళ పుస్తకం ఇంటికి తెచ్చాను. మసాచుసెట్స్‌లో చేపలు పట్టే వలసజనం నిలిపిన సేలం, ఉత్తర కరోలినాలో మొరేవియన్ శాఖ క్రైస్తవులు కట్టుకున్న సేలం, ఆరెగాన్‌లో మిషనరీలు మొదలుపెడితే రాజధాని అయిన సేలం, ఒహాయోలో ఒకటి, వర్జీనియాలో ఒకటి. బైబిల్లోని షాలేము పేరును జనం పడమటికి జరిగినకొద్దీ వెంట మోసుకెళ్లారు.

“అమ్మమ్మా, సేలాలు బోల్డున్నాయే! ఏ సేలమో రేడియో చెప్పలేదు. దేవుడికి తెలీదేంటి?”

“దేవుడికి తెలుసే. తెలీంది మనకి. అన్నీ చదువు. ఒక్కటి వదిలావంటే ఆయమ్మ అందులోనే ఉంటాది.”

నేను చదువుతుంటే ఆమె “మసాసూసెట్టు, ఓరిగాను” అంటూ ఒక్కో సేలానికీ విడిగా మోకరించింది. పొద్దుగూకినా తాండ్ర చాపలు ఎత్తేవాళ్లు లేరు.

“అయిపోయాయా?”

“చిన్న ఊళ్లు పుస్తకానికి ఎక్కవు అమ్మమ్మా. ఇంకా ఉంటాయేమో.”

ఆ రాత్రీ ఆమె తినలేదు. మర్నాడు పాస్టరమ్మగారు వచ్చి పోట్లాడితే నాలుగు గుక్కల గంజి తాగింది. కబురు మాత్రం ఏనాడూ రాలేదు.

అమ్మమ్మ పోయింది. గ్రంథాలయం గదిలో ఇప్పుడు ఎరువుల బస్తాలున్నాయి. డ్యూటీ విరామంలో ఫోన్లో పటం తెరిస్తే మిస్సోరీలో ఒక సేలం, ఇల్లినాయిలో ఇంకొకటి, ఆమె నోట పడనివి, బయటపడుతూనే ఉంటాయి. దొరసానమ్మ ఇంటిపేరు తెలిసినవాళ్లు మా లంకలో ఎవరూ మిగల్లేదు. అయినా నా వేలు పటాన్ని జరపడం మానదు.