వంతెన దగ్గర కట్టిన ఫ్లెక్సీ

ఆ రోజుల్లో మా యానాంలో ఫ్లెక్సీ కట్టనిదే ఏ సంతోషమూ సంతోషం కిందికి వచ్చేది కాదు. (ఇప్పుడూ అంతే. కాకపోతే మా ఇంటి తరఫున ఆ తర్వాత ఒక్కటీ లేవలేదు.) పుట్టినరోజుకి ఫ్లెక్సీ, ఓణీల ఫంక్షనుకి ఫ్లెక్సీ, ఎవరైనా కొత్త ఆటో కొంటే దానికీ ఫ్లెక్సీ. నేనప్పుడే ఎలక్ట్రికల్ డిప్లొమా ముగించి, ఉద్యోగం దొరక్క, ఉన్న చదువునంతా ఇంటిమీదే ప్రయోగిస్తున్నాను. ఏ సమస్యనైనా ఒకటి, రెండు, మూడు అని విడగొట్టి రాసుకుంటే నాలుగో అంకె దగ్గర పరిష్కారం దానంతటదే వచ్చి కూర్చుంటుందని నాకు గట్టి నమ్మకం. అలాంటి నమ్మకం ఉన్న ఇంట్లోకి గువ్వ వచ్చింది.

మా చర్చిలో ఏడాదికోసారి దిక్కులేని పిల్లల మీద ప్రసంగం ఉండేది. అందరం గట్టిగా ఆమెన్ చెప్పి, ఇంటికెళ్లి కోడికూర తినేవాళ్లం. ఆ ఏడాది మా అమ్మ ఆమెన్ అనలేదు. నాన్న దారిలో అడిగితే, "అన్నాక చెయ్యాలి కదండీ" అంది. అమ్మ ప్రైమరీ స్కూలు టీచరు, ఉత్తిమాటలు చెప్పదు. పిల్లల సంక్షేమం చూసే కమిటీకి అర్జీ పెట్టింది, ఇల్లు చూపించింది, అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పింది. చివరికి కమిటీ మేడమ్ ఏడేళ్ల పిల్లను వెంటబెట్టుకుని వచ్చి, "ఇది దత్తత కాదండి. పెంచమని మీ దగ్గర ఉంచుతున్నాం, అంతే. పరిస్థితి మారితే తీసుకెళ్లాల్సి వస్తుంది. ఫొటోలు బయట పెట్టకండి" అని చెప్పింది. అమ్మ, "కన్న పిల్లల్నైనా దేవుడు అప్పజెప్పడమే కదండీ, సొంతానికి ఇవ్వడుగా" అంది. చెప్పడం తేలికే.

ఆ పిల్లకి తల్లి పోయింది. తల్లి రెండోసారి చేసుకున్న మనిషిని ఈ పిల్ల బాబాయి అనేది. అతనిది ఏటికి అవతల ఊరు. చిన్న చప్పుడైనా తుర్రుమని కనబడకుండా పోతుందని మా పెదనాన్న ఆమెకి గువ్వ అని పేరు పెట్టాడు. ఆమె మోచేతి కింద గుండ్రటి మచ్చలు వరసగా ఉండేవి. ఆటలమ్మ మచ్చలనుకున్నాను. అన్నిటి వ్యాసమూ ఒక్కటే ఉందని కూడా గమనించి, ఎంత చక్కగా ఉన్నాయో అని అమ్మతో అన్నాను. అమ్మ నావైపు చూసి, "బీడీ మందం అంతేరా" అంది. ఆ తర్వాత నేను కొంతకాలం దేన్నీ కొలవలేదు.

గువ్వ హాల్లో ఒకే కుర్చీలో కూర్చునేది. వంటింటి గుమ్మం పక్కన, ఫ్యాన్ కింద ఉన్నది. అన్నం అక్కడే, హోంవర్కు అక్కడే. వేరేచోట కూర్చోబెడితే ముద్ద దిగేది కాదు. నేను దీన్ని శాస్త్రీయంగా పరిశీలించి, పిల్లకి గాలి కావాలని తేల్చి, ఆ ఫ్యాన్‌కి కండెన్సర్ మార్చాను. ఫ్యాన్ విమానంలా తిరిగింది. గువ్వ మర్యాదగా, "బాగుందన్నయ్యా" అంది. ఆ కుర్చీలోంచి వీధి తలుపూ పెరటి తలుపూ రెండూ కనిపిస్తాయన్న సంగతి నా పరిశీలనకి అందలేదు.

ఏడాది తిరిగింది. గువ్వ పుట్టినరోజు ఎప్పుడో ఎవరికీ తెలియదు గనక, మా ఇంటికి వచ్చిన రోజునే పుట్టినరోజుగా ఖాయం చేసి, కృతజ్ఞత ప్రార్థనకి కూడిక పెట్టి అందరికీ బిర్యానీ పెడదామని నాన్న అన్నాడు. ఆ మాట చాలు మా పెదనాన్నకి. ఆయన ఫ్లెక్సీ లేకుండా పెళ్లి చేసుకున్నందుకు ఇప్పటికీ బాధపడే మనిషి. "మేడమ్ ఫొటోలు వద్దంది" అని నాన్న నసిగితే, "అది ఫోన్లో పెట్టేవాటి గురించన్నదిరా. ఫ్లెక్సీ ఊసెత్తిందా? ఎత్తలేదు" అన్నాడు. డిజైను పని నాకొచ్చింది. (ఆటోక్యాడ్ వచ్చినవాడికి ఫ్లెక్సీ ఓ లెక్కా అని ఆయన ఉద్దేశం.) మధ్యలో గువ్వ ఫొటో, భుజాలకి దేవదూత రెక్కలు, కింద గుండ్రాల్లో మా చుట్టాలందరూ. పెదనాన్న గుండ్రం గువ్వ తలకన్నా పెద్దదిగా వచ్చింది. తగ్గిస్తానంటే, "తగ్గించు గానీ, మరీ నీ గుండ్రమంత చెయ్యకు" అన్నాడు. పైన "మా ఇంటి దీవెన" అని పెద్దక్షరాలు. దారి తెలియనివాళ్ల కోసం ఓ మూలన మా వీధికి మ్యాపు కూడా గీశాను, బాణం గుర్తుతో, స్కేలుతో సహా. అమ్మ స్కూలు పరీక్షల హడావిడిలో ఉంది. ఇదంతా ఆమెకి ఆనందం కలిగించే రహస్యమని మేం ముగ్గురం దాచాం.

శనివారం సాయంత్రం పెదనాన్న దాన్ని వంతెన దిగే రోడ్డు పక్కన కట్టించాడు. "జనం ఎక్కడుంటే అక్కడే కట్టాలిరా" అన్నాడు. అక్కడ జనం ఎక్కువ, నిజమే. ఆదివారం పూట వంతెన దాటి మా ఊరొచ్చేవాళ్లలో సగంమంది మా చవక మందు షాపులకే వస్తారని యానాంలో చిన్నపిల్లలకీ తెలుసు. మాకే ఆ పూట గుర్తురాలేదు.

ఆదివారం ఆరాధనకి వెళ్లే ముందు గువ్వను బండి మీద తీసుకెళ్లి చూపించాను. చాలాసేపు చూసింది.

"బస్సులోంచి కనబడతాదా అన్నయ్యా?"

"బస్సులోంచేంటి, వంతెన మీంచి కూడా కనబడతాది. అక్షరాలు ఆ సైజులో పెట్టాను."

"అయితే బాబాయికి కూడా కనబడతాది" అంది. ఏడవలేదు. బండెక్కి నా చొక్కా గట్టిగా పట్టుకుంది.

అమ్మకి చెప్పాను. అమ్మ మొహం చూశాక, పట్టకారు పట్టుకుని మళ్లీ వంతెన దగ్గరికి పరిగెత్తాను. అక్కడ సరుగుడు కర్రలే ఉన్నాయి, ఫ్లెక్సీ లేదు. మా వైపు కొత్త ఫ్లెక్సీ ఎక్కువసేపు నిలవదు. బాతుల దొడ్డి మీదికో, పాక మీదికో పోతుంది. పోతేపోయింది, పని తప్పిందని ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

ఆరాధన అయ్యింది, కూడికయ్యింది, షామియానా కింద వడ్డనలు మొదలయ్యాయి. చివరి వరసలో ఓ సన్నటి మనిషి తలొంచుకుని తింటున్నాడు. కాళ్ల దగ్గర చుట్టచుట్టిన సామానేదో ఉంది. ప్రార్థనకొచ్చిన వాళ్లెవరో అనుకున్నాం. పెదనాన్న గరిటెతో ఆగి, "ఇంకో ముక్కేసుకోండి బ్రదర్. మొహమాటపడకండి" అని వేశాడు కూడా. అప్పుడే గువ్వ తన కుర్చీలోంచి లేచి వంటింట్లో అమ్మ దగ్గరికొచ్చింది. భుజానికి స్కూలు బ్యాగు తగిలించుకుని ఉంది.

"బాబాయి వచ్చేడు టీచర్. ఆకర్ని కూకున్నాడు. నేనెల్లిపోతాను. మీరేం అనకండి, అంటే ఇంకా కొడతాడు."

అమ్మ వంటింటి తలుపు వేసి గువ్వను లోపలే ఉంచి, స్టేషనుకి ఫోన్ చేసింది. నాన్న పాస్టరుగారి చెవిలో ఏదో చెప్పి, నెమ్మదిగా వెళ్లి ఆ మనిషి పక్కన కూర్చున్నాడు. అతను చెయ్యి కడుక్కొచ్చి, కాళ్ల దగ్గరున్న చుట్ట విప్పాడు. మా ఫ్లెక్సీ. బాణం గుర్తు మీద వేలు పెట్టి, "దారి బాగా చూపించేరండి. కూతురి పండక్కి నన్ను పిలవలేదేటి?" అన్నాడు. సారా వాసన బిర్యానీ వాసనని దాటి వచ్చింది. సరిగ్గా అప్పుడే పాస్టరుగారు, "ముగింపు ప్రార్థన చేసుకుందాం. పక్కవారి చేతులు పట్టుకోండి" అన్నారు. నాన్న అతని చెయ్యి పట్టుకున్నాడు. (మా నాన్న రొయ్యల చెరువుల్లో వలలు లాగిన మనిషి.) అలాంటి ప్రార్థన మా సంఘంలో అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు. రోగుల కోసం, విధవరాళ్ల కోసం, రొయ్యల ధర కోసం, పాలకుల కోసం, వర్షాల కోసం ప్రార్థించారు. అయిపోయిందనుకుంటే దరియాలతిప్ప జాలర్ల పడవలు గుర్తొచ్చాయి. అతను రెండుసార్లు లేవబోయాడు. నాన్న కళ్లు మూసుకునే "ఆమెన్" అంటూ కిందికి లాగాడు. కానిస్టేబుళ్లు గేటు తీసిన చప్పుడయ్యాకే పాస్టరుగారు ముగించారు.

ఇక్కడిదాకా చెప్పి ఆపితే ఇది నవ్వుల కథ. కానీ భోజనం చేసినందుకు కేసేం పెడతారు? సాయంత్రానికి స్టేషన్లో అతన్ని హెచ్చరించి వదిలేశారు. వెళ్తూ వెళ్తూ మా ఇంటి వైపు చూసి నవ్వాడట. ఆ పూట మా ఇంట్లో అసలు గొడవ మొదలైంది.

"మేడమ్‌కి చెప్పకు. చెప్తే పిల్లని పట్టుకుపోద్ది. మన ఇంట్లో ఇంతమంది మగాళ్లం ఉన్నాం, ఆడేం చేస్తాడు?" అన్నాడు పెదనాన్న.

"స్కూలుకి మీరెళ్తారా బావగారూ, రోజూ? ఆడికి ఇల్లు తెలిసింది. మనతో ఉండడం కాదు, బతకడం కావాలి దానికి" అంది అమ్మ. ఫోన్ చేసింది. గువ్వ అప్పుడు కుర్చీలో కూర్చుని, తలుపు వంకే చూస్తోంది.

మర్నాడు మేడమ్ వచ్చింది. వేరే ఊళ్లో వేరే కుటుంబం, ఏ ఊరో చెప్పకూడదు అంది. అమ్మ బట్టలు సర్దింది. పెదనాన్న పెరట్లోకి వెళ్లి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. నేను మేడమ్‌కి చెప్పాల్సినవి కాగితం మీద రాద్దామని కూర్చున్నాను. ఒకటి అని వేశాక మరేం రాయలేకపోయాను. జీపు దాకా వెళ్లి, నోటితోనే చెప్పాను: "రెండు తలుపులూ కనబడేచోట కూర్చోబెట్టమనండి మేడమ్. అలాగైతే తింటుంది." గువ్వ నావైపు ఓసారి చూసింది, నాకు అర్థమైందని తనకి తెలిసినట్టు. జీపు వెళ్లిపోయింది.

చాలా నెలల తర్వాత మేడమ్ ఫోన్ చేసింది. "ఎక్కడుందో చెప్పలేనండి. మీ అబ్బాయి చెప్పాడే, ఆ కుర్చీ సంగతి, వాళ్లు అలాగే వేశారు. ఇప్పుడు తలుపుకి వీపు పెట్టుకుని హోంవర్కు చేసుకుంటోందట. మీకు చెప్పాలనిపించింది." అమ్మ ఫోన్ పెట్టేసి, ఎవరితోనూ కాకుండా "ఆమెన్" అంది.

ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది. కండెన్సర్ మార్చేసి సమస్య తీరిందని టిక్కు పెట్టుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, వాడిమీద కాస్త జాలి కూడా. ఫ్యాన్ మాత్రం ఇప్పటికీ విమానంలాగే తిరుగుతోంది. మా ఇంట్లో గాలి బాగా తగిలేది ఆ కుర్చీకే. ఎంత ఉక్కపోసినా అందులో ఎవరూ కూర్చోరు.