మెర్వ్ వాళ్ళ నాన్న తుపాకి నూనె డబ్బా

నమ్మనివాళ్ళు టీ పూర్తిచేసి ఇప్పుడే లేవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. బ్లాక్‌టౌన్ ఊరు మొత్తంలో తుపాకి నూనె డబ్బా చూసి దాని వయసు చెప్పగల తెలుగువాణ్ణి ఒకప్పుడు నేనొక్కణ్ణే. ఆ విద్యతోనే ఒక డబ్బాకి వయసన్నదే లేకుండా చేసిందీ నేనొక్కణ్ణే.

యూనివర్సిటీలో చదువుకునే రోజులు. నేనూ, మా ఏలూరు జాన్‌రత్నమూ మెర్వ్ అనే పెద్దాయన ఇంటి వెనక గదిలో అద్దెకుండేవాళ్ళం. రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడాయన. గ్యారేజీ గోడ నిండా తుపాకులకి వేసే నూనె డబ్బాలే. అరచేతిలో ఇమిడేవి, పైన నూనె కారడానికి పొడుగాటి ముక్కు ఉండేవి. తుపాకి మాత్రం ఒక్కటీ లేదు.

మొదటి నెలలోనే ఆయన దగ్గరున్న కిటుకులన్నీ లాగేశాను. ముక్కు సీసంతో చేసుంటే పాతది, ప్లాస్టిక్‌దైతే కొత్తది. ఔన్సులని రాసుంటే ఒక కాలం, మిల్లీలీటర్లని రాసుంటే ఇంకో కాలం. చిరునామాలో పోస్ట్‌కోడ్ లేకపోతే ఇంకా వెనక్కి వెళ్ళాలి. రెండో నెలకి కళ్ళు మూసుకుని, ముక్కు తడిమి ఏడాది చెప్పేసేవాణ్ణి. నెల కూడా చెప్పేవాణ్ణే గాని, మెర్వ్ చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నాను.

ఆ గోడమీద ఒక డబ్బా సంగతి వేరు. అది మెర్వ్ వాళ్ళ నాన్నది. మెర్వ్ పుట్టిన ఏడాది, కుందేళ్ళ వేట కోసం కొన్నానని ఆయన చెప్పేవాడట. అంటే రెండో ప్రపంచ యుద్ధానికి ముందు. పాత డబ్బాలు పోగుచేసేవాళ్ళ క్లబ్బులో నార్మ్ అనే ఇంకో ముసలాయన ఒప్పుకోలేదు. ఇది యుద్ధం తర్వాతది, మీ నాన్న కోతలు కోశాడని అందరి ముందూ అనేశాడు. యుద్ధం అయ్యాక ఆ నూనె కంపెనీ వేరే వీధికి మారిందట. డబ్బా వెనక చిరునామాలో ఏ వీధి ఉందో చదివితే తేలిపోతుంది. కానీ సరిగ్గా అక్కడే తుప్పూ జిడ్డూ పేరుకుపోయాయి. శనివారం క్లబ్బులో భూతద్దం పెట్టి చూద్దామని ఒప్పందం చేసుకున్నారు.

అంతవరకూ ఆగడమెందుకు, నేను చదివిపెడతానన్నాను.

మెర్వ్ చాలాసేపు ఆలోచించి డబ్బా నా చేతిలో పెట్టాడు. "చూడటం వరకే, మేట్," అన్నాడు.

మర్నాడు మహర్నవమి, ఆయుధపూజ. మా గదిలో ఆయుధాలంటే కూరగాయల కత్తీ, నా కాలిక్యులేటరూ. అలాంటిచోట సాక్షాత్తూ తుపాకి వంశానికి చెందిన వస్తువుంటే పూజలో పెట్టకుండా ఎలా ఉంటాను? మురికిగా దేవుడి ముందు పెట్టనూలేను. జాన్‌రత్నం చేపల పులుసుకని చింతపండు నానబెట్టుకున్నాడు. ఆ గిన్నె అందుకున్నాను.

"ఒరేయ్, ఆయన చూడమన్నాడు, తోమమన్లేదు," అన్నాడు వాడు.

"ఇత్తడి కుందులు తోమిన చెయ్యిరా ఇది. ఒక్క అక్షరం చెక్కుచెదరదు."

చింతపండు, ఉప్పు, స్టీలు పీచు. అరగంటలో తుప్పంతా పోయింది. తుప్పు కింద రంగు పోయింది. అక్షరాలున్నది ఆ రంగు మీదే కాబట్టి అవీ పోయాయి. డబ్బా మాత్రం తళతళలాడింది. అందులో నా మొహం కనిపించింది, ఏమంత బాగాలేదు. ఇక చేసేదేముంది, పసుపు రాసి బొట్టు పెట్టాను.

శనివారం పొద్దున మెర్వ్ చేతికిచ్చాను. ఆయన డబ్బా వంక చూశాడు, నా వంక చూశాడు. మమ్మల్ని కారెక్కించుకుని క్లబ్బుకి బయల్దేరాడు. నేనూ జాన్‌రత్నమూ వెనక సీట్లో మాకొచ్చిన దేవుళ్ళందర్నీ తలుచుకున్నాం, ఎవరి దేవుళ్ళని వాళ్ళం.

నార్మ్ భూతద్దం పెట్టాడు. తీసేశాడు. బొట్టు చూసి ఇదేం కంపెనీ గుర్తని అడిగాడు. చివరికి, "మెర్వ్, ఈ హాల్లో అన్నిటికంటే కొత్త డబ్బా ఇదే," అన్నాడు. అందరూ నవ్వారు. గది ఖాళీచేసి ఎక్కడికి పోవాలా అని నేను ఆలోచిస్తున్నాను.

మెర్వ్ నవ్వలేదు. "చిరునామా ఉందా?"

"ఎక్కడుంది, పోయిందిగా."

"అయితే మా నాన్న అబద్ధమాడాడని ఇక నువ్వు రుజువు చెయ్యలేవు," అని డబ్బా కోటు జేబులో వేసుకున్నాడు.

నార్మ్ భూతద్దం దాని పెట్టెలో పెట్టేసుకున్నాడు. ఇదంతా ముందే ఆలోచించి చేశానని అప్పట్నుంచీ చెప్పుకుంటున్నాను. మెర్వ్ ఎప్పుడూ కాదనలేదు. గ్యారేజీ తాళంచెవి మాత్రం మళ్ళీ నా కంటపడనివ్వలేదు.

ఇంకా అనుమానమా? ఇప్పుడు గిరావీన్‌లో ఉంటున్న జాన్‌రత్నాన్ని వెళ్ళి అడగండి. ఆ నవమినాడు చేపలు పులుసు పెట్టుకోలేక వేపుడు చేసుకు తిన్నది వాడే. ఇంకా మర్చిపోలేదు.