స్పిరిట్ పాప

"...సీసాలు తుడవమన్నాను గానీ, పేర్లు కూడా తుడిచెయ్యమన్నానా తల్లీ?" అని ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్న అక్క నెత్తి కొట్టుకుంటోంది. "మీరిచ్చిన పెన్ను సిరాయే చెరిగిపోయింది కదక్కా!" అంది వేసవి రెండు నెలలూ పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల. అందరూ ఆమెను స్పిరిట్ పాప అంటారు. గ్లోవ్స్, బల్ల, కుర్చీ చేతులు, చివరికి తన కళ్ళజోడు కూడా స్పిరిట్ కొట్టి తుడుస్తుంది. తుడిచాక తల పక్కకు వంచి, మెరిసిందో లేదో చూసుకుంటుంది. ఆ ఊపులోనే ఈ ఉదయం కణాలు పెరుగుతున్న పన్నెండు సీసాలనూ తుడిచింది. సిరా అంతా నీలంగా టిష్యూ కాగితానికి వచ్చేసింది. ఆరింటిలో కొత్త మందు వేశారు, మిగతా ఆరింటిలో వెయ్యలేదు. ఏవి ఏవో ఇక దేవుడికే తెలియాలి.

శుక్రవారం పాప ప్రొఫెసర్ల ముందు ఫలితాలు చెప్పాలి. బాగా చెబితే వచ్చే ఏడు ఇక్కడే సీటు. పాప మొహం చూసి అక్క మెత్తబడింది. "సరేలే, మైక్రోస్కోపులో చూడు. బక్కచిక్కినవి మందు తిన్నవి, నిండుగా ఉన్నవి తిననివి. మళ్ళీ రాసేసెయ్." పాప చూసింది. నిజంగానే కొన్ని చిక్కి ఉన్నాయి. పెన్ను మూత తీసి, మొదటి సీసా మీద ఒక్క అక్షరం రాసి ఆగింది.

"అక్కా, మందు వేస్తే చిక్కుతాయా లేదా అనే కదా మనం చూస్తున్నది?"

"అవును."

"మరి చిక్కినవాటికి నేనే మందని పేరు పెడితే, ఇక చూసిందేముంది?"

పాప పన్నెండు సీసాలూ ఒక్కొక్కటిగా చెత్తడబ్బాలో వేసింది.

"శుక్రవారం నా దగ్గర ఫలితాల్లేవని చెప్పేస్తానక్కా."