లాభంతో కలిపి నూట యాభై రెండు

ముత్తుకూరులో క్రీస్తురాజు నడిపే జిమ్ము ఒకప్పుడు ఎరువుల గోడౌను. పైన రేకుల కప్పు. వేసవి సాయంత్రాల్లో అక్కడ మనుషులకే కాదు, ఇనుప రాడ్డుకు కూడా చెమట పట్టేది. నమ్మనివాళ్లు కొందరు పనిగట్టుకుని వచ్చి, రాడ్డును తడిమి చూసి, చెయ్యి లుంగీకి తుడుచుకుంటూ వెళ్లారు. ఆ జిమ్ములో పెంచలకృష్ణ మూడేళ్లుగా ఒంటరిగా బరువులెత్తుతున్నాడు. చుట్టూ ఇరవై మంది ఉంటారు, పాటలు మోగుతుంటాయి. అయినా ఒంటరిగానే.

అతనికి నలభై ఆరేళ్లు. విడవలూరు దగ్గర రెండెకరాల వరి మడి ఉంది. పోర్టు రోడ్డులో ఒక గిడ్డంగిలో సరుకు ఎక్కించి దించే మనుషుల మీద మేస్త్రీ ఉద్యోగం. ఇవన్నీ అతని ఒంటికి సంబంధించినవి. మనసు మాత్రం రోజూ సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర వరకు జిమ్ము గుమ్మం దగ్గర నిలబడి, హెబ్రోను వస్తాడేమోనని చూస్తుంటుంది.

హెబ్రోను థర్మల్ ప్లాంటులో కాంట్రాక్టు ఫిట్టరుగా ఉండేవాడు. రాత్రి షిఫ్టు బస్సు ఎక్కేలోపు అతనికి దొరికేది సరిగ్గా అరగంట. అరగంటలో ఇద్దరు మనుషులు ఒళ్లు హూనం చేసుకునే పద్ధతి ఒకటి ఎక్కడో విని పట్టుకొచ్చాడు. ఫోనులో పదిహేను నిమిషాలకు గంట పెట్టాలి. బల్ల మీద పడుకుని రాడ్డును ఛాతీ మీంచి పైకెత్తడం ఒక పని, వంగి నిలబడి అదే రాడ్డును కడుపు దాకా లాగడం ఇంకొక పని. దాని తర్వాత ఇది, దీని తర్వాత అది, ఒక్కో వంతుకు ఎనిమిదో తొమ్మిదో సార్లు. బరువు మార్చకూడదు. ఊపిరి అందేదాకా ఆగొచ్చు, అంతకు మించి ఆగకూడదు. గంట మోగేలోపు రెండూ కలిపి ఎన్నిసార్లయిందో అదే ఆ రోజు అంకె. పై వారం ఆ అంకె దాటాలి.

చెప్పడానికి ఇంతే. కానీ పదో నిమిషం వచ్చేసరికి మనిషి ఎక్కాలూ మర్చిపోతాడు, పెళ్లాం పేరూ మర్చిపోతాడు. తూర్పు వాకిటి నుంచి సముద్రం లోపలికి వచ్చేసినట్టు చెవుల్లో హోరు. అందుకని ఒకడు ఎత్తుతుంటే ఇంకొకడు పక్కన నిలబడి లెక్కపెట్టాలి. అలా నాలుగేళ్లు వాళ్లిద్దరూ ఒకరి లెక్క ఒకరు మోశారు.

"ఎత్తు సామీ, ఎత్తు. గట్టు మీద దున్నపోతు అలిగినట్టు ఆగినావే!" అనేవాడు హెబ్రోను.

"నోర్ముయ్యరా. నువ్వు లాగేటప్పుడు చూసినా కదా, బోరింగు కొట్టే ముసిలమ్మ నయం."

"ముసిలమ్మకు నీళ్లన్నా వస్తాయి. నీకేం వస్తాండాది, చెప్పు? ఇరవై ఒకటి... ఇరవై రెండు..."

ఒక విషయం మాత్రం నాలుగేళ్లూ మారలేదు. పెంచలకృష్ణ అంకె ఎప్పుడూ పైనే ఉండేది, హెబ్రోనుది పదో పదిహేనో తక్కువే ఉండేది. "మా మడి బియ్యం తినుండవు నువ్వు" అని పెంచలకృష్ణ మీసం తిప్పేవాడు. హెబ్రోను నవ్వేసి తువ్వాలు మెడన వేసుకుని బస్సుకు పరిగెత్తేవాడు. ఇప్పటిదాకా వచ్చిన అన్నిటికంటే పెద్ద అంకెను క్రీస్తురాజు గుమ్మం పక్కన నల్లబల్ల మీద పేరుతో సహా రాస్తాడు. పెంచలకృష్ణ, నూట నలభై ఏడు. ఆ అంకె కింద నిలబడి అతను ఫోటో కూడా తీయించుకున్నాడు.

మూడేళ్ల కిందట, డిసెంబరు నెలలో ఒక సాయంత్రం, హెబ్రోను మునుపెన్నడూ లేనంత కసిగా ఎత్తాడు. మాట లేదు, నవ్వు లేదు. గంట మోగగానే నేల మీద వెల్లకిలా పడిపోయాడు. పెంచలకృష్ణ అంకె చెప్పాడు.

"నూట ముప్పై నాలుగు."

హెబ్రోను కళ్లు తెరవలేదు. "నూట యాభై రెండు" అన్నాడు.

"ఏందీ?"

"ఈసారి నేనూ మనసులో లెక్కపెట్టుకున్నా కృష్ణా. నూట యాభై రెండు. నీ మొగాన్ని చూసి ఒకటీ అరా తేడా వచ్చిందంటే వదిలేసేవాణ్ణి. పద్దెనిమిదా?"

"అలుపులో అట్నే అనిపిస్తాది."

"అనిపించడం కాదు. లెక్క."

అక్కడే పెంచలకృష్ణకు రోషం వచ్చింది. అతని తండ్రి పద్మనాభయ్య కళ్లాల్లో ధాన్యం కొలిచేవాడు. ఆయన చేతి కుంచం మీద విడవలూరు చుట్టుపక్కల ఎంత నమ్మకమంటే, ఆలుమగలు పోట్లాడుకున్నా ఎవరి తప్పెంతో కొలిచి చెప్పమని ఆయన్నే పిలిచేవారు. పిచ్చుకలు కూడా ఆయన కొలిచేటప్పుడు గింజ ముట్టేవి కావని, కొలత అయ్యాకే వచ్చి తమ వాటా తీసుకునేవని చెప్పుకునేవారు.

"మా వంశంలో లెక్క తప్పినోడు లేడు" అన్నాడు పెంచలకృష్ణ.

హెబ్రోను లేచి కూర్చున్నాడు. "అంటే నేను అబద్ధాలోణ్ణా?"

అప్పుడు 'కాదురా' అని ఉంటే సరిపోయేది. మూడక్షరాల మాట. పెంచలకృష్ణ మాత్రం, "ఆ మాట నువ్వే అన్నావు, నేననలేదు" అన్నాడు.

హెబ్రోను తువ్వాలు మడతపెట్టాడు. అతను తువ్వాలు మడతపెట్టడం జిమ్ములో ఎవరూ అంతకుముందు చూడలేదు. ఆ పైనెల అతని కాంట్రాక్టు ముగిసింది. అత్తగారి ఊరు జువ్వలదిన్నెలో, హార్బరు దగ్గర ఐసు యూనిట్టులో పని చూసుకుని పోయాడు. పోతూ చెప్పలేదు.

ఆ తర్వాత పెంచలకృష్ణకు లెక్కపెట్టే మనుషులు దొరక్కపోలేదు. ఒకడు ఫోను చూసుకుంటూ లెక్కపెట్టేవాడు, ఒకడు ముప్పై తర్వాత మళ్లీ ఇరవై ఎనిమిదికి వచ్చేవాడు. ఎవరూ దున్నపోతని తిట్టేవారు కాదు. అంకె నూట ఇరవై దగ్గర కూలబడి లేవలేదు. షిఫ్టు బస్సు హారను వినపడితే చాలు, రాడ్డు ఛాతీ మీద ఉండగానే తల గుమ్మం వైపు తిరిగేది. ఫోనులో హెబ్రోను పేరు తెరిచి 'తిన్నావా' అని రాసి, తుడిచేసి, మళ్లీ రాసి, మళ్లీ తుడిచేసేవాడు. ఆ చోట అద్దం అరిగిపోయిందని అతని భార్య వాణి అంటుంది.

"జువ్వలదిన్నె ఏమన్నా సింగపూరా?" అనేది ఆమె. "బండెక్కితే రెండు గంటలు. పోయి మాట్లాడి రాకూడదా?"

"వాడు రావాల. తప్పు వాడిది."

"సరే. తప్పు వాడిదైతే అన్నం నువ్వెందుకు మానుకుంటావు?"

కళ్లంలో పుట్టిన రోషం కళ్లంలోనే ఎండాలి కదా, ఎండలేదు.

ఈ ఏడు జూన్‌లో ఉష అనే ఆమె జిమ్ములో చేరింది. హైస్కూల్లో వ్యాయామం టీచరు. గంట పెట్టుకుని ఎత్తే పద్ధతి ఆమెకు తెలుసు. ఒకరోజు పెంచలకృష్ణను పిలిచి, "అన్నా, మీరు ఊరికే ఉండారు కదా, నాకు కొంచెం లెక్కపెడతారా?" అని అడిగింది. తన నడుము సరిగ్గా వంగుతోందో లేదో చూసుకోడానికి ఎదురుగా ఫోను పెట్టి వీడియో ఆన్ చేసింది. పదిహేను నిమిషాలయ్యాయి.

"నూట నాలుగమ్మా" అన్నాడు పెంచలకృష్ణ.

ఉష నీళ్లు తాగి, వీడియో వెనక్కి తిప్పి చూసుకుంది. ఆమె కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"అన్నా, మీరు ప్రతిసారీ మొదటిదాన్ని వదిలేస్తన్నారు."

"ఛ. నేనెందుకు వదుల్తా?"

"వినండి." ఫోను అతని చెవి దగ్గర పెట్టింది. అందులో అతని గొంతే. రాడ్డు మొదటిసారి లేవగానే "లాభం" అన్నాడు. రెండోసారి లేవగానే "ఒకటి" అన్నాడు. మూడోసారికి "రెండు". తర్వాతి వంతులోనూ అంతే. ముందు లాభం, తర్వాతే కిందటి లెక్క మీద కలపడం.

"మా తాతా వడ్లు కొలిచేటప్పుడు లాభం అనేవాడు" అంది ఉష. "కానీ లాభం తర్వాత రెండు అనేవాడన్నా. లాభమే ఒకటి కదా."

అందరి కళ్లాల్లోనూ అంతే. పద్మనాభయ్య కళ్లంలో మాత్రం కాదు. ఆయన మొదటి కుంచాన్ని 'లాభం' అని, పక్కన పరిచిన గోనెపట్టా మీద పోసేవాడు. అది మడి లేనివాళ్లకు, పరిగె ఏరుకునే ముసలివాళ్లకు. అది లెక్కలోకి రాదు. రెండో కుంచం నుంచే ఒకటి. పెంచలకృష్ణ అయిదేళ్ల వయసులో ఆ పట్టా పక్కన కూర్చుని లెక్క నేర్చుకున్నాడు. నోరు ఆ దారికి అలవాటు పడిపోయింది. తండ్రి పేదవాళ్లకు పెట్టిన కుంచాన్ని, కొడుకు నాలుగేళ్లపాటు స్నేహితుడి దగ్గర గుంజుకున్నాడు. పోనీ హెబ్రోను కూడా అలాగే లెక్కపెట్టాడా అంటే, వాడు ఫిట్టరు. వాడు బోల్టులు లెక్కపెట్టినా మొదటిది ఒకటే. పెంచలకృష్ణ మీసం తిప్పిన ప్రతి అంకె వెనకా ఆ తేడా ఉంది.

అతను బల్ల మీద కూర్చుండిపోయాడు. మూడేళ్ల కిందటి ఆ సాయంత్రం హెబ్రోను బల్ల మీద తొమ్మిది వంతులు, వంగి తొమ్మిది వంతులు ఎత్తాడు. ఆ రోజు అతనికి వేళ్ల మీద గుర్తే. పద్దెనిమిది వంతులు. పద్దెనిమిది లాభాలు.

"క్రీస్తురాజన్నా" అన్నాడు. "ఆ బల్ల మీద నా పేరు తుడిచెయ్. హెబ్రోను, నూట యాభై రెండు అని రాయి."

"మూడేళ్ల కిందటిదా? ఎవరన్నా ఊరుకుంటారా?"

"ఎవురు అడిగితే వాళ్లను నా దగ్గరికి పంపించు."

క్రీస్తురాజు రాశాడు. పెంచలకృష్ణ దాన్ని ఫోటో తీశాడు.

ఆదివారం కోవూరు, అల్లూరు దాటి జువ్వలదిన్నె చేరేసరికి చర్చి వదిలే వేళయింది. ఇంటి ముందు చేపలు కడుగుతున్న హెబ్రోను భార్య ప్రేమలీల తలెత్తి చూసింది.

"మూడేండ్లకు దోవ తెలిసిందా అన్నా?" అని, లోపలికి చూసి, "ఏమయ్యా, ఎవురొచ్చినారో చూడు" అని కేకేసింది.

తెల్లచొక్కాతో హెబ్రోను వచ్చాడు. బొజ్జ వచ్చింది. కుర్చీ ఎడమ చేత్తో లాగి వేశాడు, నీళ్ల చెంబు ఎడమ చేత్తో ఇచ్చాడు. కుడి చెయ్యి పక్కన ఊరికే వేలాడుతోంది. పెంచలకృష్ణ కూర్చోకుండానే ఫోటో చూపించాడు, లాభం సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. తండ్రి గోనెపట్టా కూడా చెప్పాడు.

హెబ్రోను ఫోటోను చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు. పాత నవ్వే.

"నువ్వు లాభం లాభం అంటాంటే నాకేందో దీవెన పెడతన్నావనుకున్నా రా. నాలుగేండ్లు!"

పెంచలకృష్ణ కూడా నవ్వబోయాడు. హెబ్రోను నవ్వు అంతలోనే ఆగింది.

"లెక్క సరే కృష్ణా. లెక్క ఎవురైనా తప్పుతారు. నేను నేల మీద పడుండి చెప్తాంటే, నా మొగం చూసి నమ్మలేదే. దానికేం తెచ్చినావు?"

చేపల దగ్గర ప్రేమలీల చెయ్యి ఆగింది.

"దానికేం తేలేదు" అన్నాడు పెంచలకృష్ణ. "ఉత్త చేతుల్తోనే వచ్చినా."

హెబ్రోను అన్నం పెట్టమని భార్యకు చెప్పాడు. తింటూ తన చెయ్యి సంగతి చెప్పాడు. రెండేళ్ల కిందట బోటు మీంచి జెట్టీ మీదికి అడుగేస్తూ జారాడు. భుజం. ఇప్పుడు చెయ్యి ఛాతీ ఎత్తుకు వచ్చి ఆగిపోతుంది.

"పాల ప్యాకెట్టు కంటే బరువైంది ఎత్తొద్దన్నాడు డాక్టరు. ఆ నూట యాభై రెండే కడపటిది నాకు."

పెంచలకృష్ణ ముద్ద కలుపుతూనే ఉండిపోయాడు. ఆ అంకె తన నోటి నుంచి రావలసిన రోజున వచ్చి ఉంటే, వీడు ఆ రాత్రి బస్సులో ఎన్ని కూతలు కూసి ఉండేవాడు!

"ఎత్తొద్దులే" అన్నాడు చివరికి. "వచ్చి కూర్చో. నేనెత్తుతా. నువ్వు లెక్కపెట్టు. తిట్టేవాడు లేక నాకు నూట ఇరవై దాటడం లేదు."

"నిన్ను తిట్టడానికి డెబ్బై అయిదు కిలోమీటర్లు రావాల్నా? ఫోనులో తిడతాలే."

"ఫోనులో చాలదు."

"చూద్దాం" అన్నాడు హెబ్రోను. వస్తానన్నట్టూ లేదు, రానన్నట్టూ లేదు.

మూడు దాటింది. సముద్రం గాలి తిరిగింది. పెంచలకృష్ణ బండి ఎక్కి తాళం తిప్పాడు. వీధి దాకా వచ్చిన హెబ్రోను, "ఇంక పో. అల్లూరు దగ్గర రోడ్డు బాగాలేదు, పొద్దు పోకముందే దాటుకో" అన్నాడు.

"పోతా."

"మరి పో."

గేరు వేశాడు, ఇంజను గట్టిగా అరిచింది. బండి కదల్లేదు. వెనక్కి తిరిగి చూశాడు. హెబ్రోను ఎడమ చెయ్యి బండి వెనక కడ్డీని గట్టిగా పట్టుకుని ఉంది. పొమ్మంటూనే ఉన్నాడు, చెయ్యి మాత్రం వదలడం లేదు. పెంచలకృష్ణ ఇంజను ఆపేశాడు.