ఎల్లరాయి మీద తక్కెడ

మొన్న కోవిల్‌పట్టి ఆసుపత్రిలో బిడ్డను తూచడానికి అరగంట వరసలో నిలబెట్టారని నా మనవరాలు సణుగుతూ వచ్చింది. దాని తండ్రిని ఎట్లా తూచామో దానికి తెలియదు పాపం.

అది దొరల కాలం. నా పెద్దకొడుక్కి మూడో నెల. బిడ్డ రోజురోజుకూ పీక్కుపోతున్నాడు. పిల్లల్ని చూసే నర్సమ్మ కోవిల్‌పట్టి నుంచి వారానికోసారి బండిలో వచ్చి వాణ్ణి తూచి పోయేది. ఇంతలో చుట్టుపక్కల వాంతిభేది తగిలింది. మా ఊరు అమ్మవారికి కాపు కట్టుకుంది. అంటే, రోగం అణిగేదాకా పసుపుతాడు కట్టుకున్నవాళ్లు ఊరి పొలిమేరలోని ఎల్లరాయి దాటరాదు, బయటివాళ్లు లోపలికి రారాదు. విరుదునగరానికి మిరపకాయలు తోలుకుపోయిన మా ఇంటాయన కూడా బయటే చిక్కుకుపోయి, రాయికి అవతల వండుకు తింటూ, ఉప్పు చాలలేదని మా అత్తకు వినపడేలా రోజూ కేక పెట్టేవాడు.

నర్సమ్మ వచ్చి రాయికి అవతల నిలబడింది. ఆమె రాకూడదు, బిడ్డ పోకూడదు. అత్త ఆమెను వెనక్కి పొమ్మంది. అత్తకు నేను ఎదురు చెప్పింది ఆ ఒక్కనాడే.

"అత్తా, బిడ్డ బరువు అమ్మవారికి తెలుసు. నాకు తెలీదు గదా."

అత్త ఇంటికి పోయి మిరపకాయలు తూచే తక్కెడ తెచ్చింది. ఒక కాలు ఊళ్లో, ఒక కాలు బయట పెట్టి, రాయి మీదుగా పట్టుకుంది. ఇటు పళ్లెంలో బిడ్డ, అటు పళ్లెంలో నర్సమ్మ తూకపురాళ్లు. ఎంత తుడిచినా మిరప ఘాటు పోలేదు. వాడు తుమ్మినప్పుడల్లా తక్కెడ ఊగేది, నర్సమ్మ మళ్లీ మొదటినుంచి చూసేది.

బరువు పోయిన వారానికంటే తగ్గింది. నర్సమ్మ బిడ్డను వదిలి నన్ను చూసి, పొద్దున ఏం తిన్నావని అరవంలో అడిగింది. నేను అత్త వైపు చూశాను. బాలింతకు పత్యమని అత్త నాకు పూటకు ఒక గరిటె అన్నం, గుక్కెడు నీళ్లు మాత్రమే ఇచ్చేది.

"ఇట్లే ఆరుమందిని సాకినా," అంది అత్త, తక్కెడ వదలలేక.

"ఆరుగురినీ తూచినావా?" అంది నర్సమ్మ.

మా ఇంటాయన నవ్వు కనపడకుండా గబుక్కున అటు తిరిగి పొయ్యి ఊదసాగాడు.

ఆ మధ్యాహ్నం అత్త నా కంచం నిండా వడ్డించింది. మూడో వారం బిడ్డ బరువెక్కిన తక్కెడ ఎత్తినప్పుడు, "చెయ్యి లాగుతాండాది," అని గొణిగింది.

ఆ రోగం ఎన్ని నెలలుందో ఇప్పుడు చెప్పలేను. అత్త చెయ్యి నొప్పెట్టిన ఆ వారంతోనే నాకు ఆ ఏటి గండం గడిచిపోయింది.